కచేరి ఎక్కడెక్కడ కొలువైంది

అనంతపురం వైపు నుంచి బెంగళూరు వెళ్లే బస్సు కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లి చేరేసరికి బోర్డుల మీద లిపి మారిపోతుంది. మారినా తెలుగు వచ్చినవారికి పెద్ద ఇబ్బంది లేదు. తలకట్టు కాస్త అటూ ఇటూ అయిందనుకుని కూడబలుక్కుంటే కన్నడం చదవొచ్చు. అలా చదువుతూ పోతే 'అంచె కచేరి' అన్నచోట చూపు ఆగుతుంది. అంచె అంటే తెలుసు, అంచెలంచెలుగా అంటాం కదా. కచేరి అంటే ఇంకా బాగా తెలుసు. రెండూ కలిస్తే మాత్రం ఏమీ అర్థం కాదు. లోపల జరిగేది పాట కాదు, స్టాంపుల అమ్మకం. అంచె కచేరి అంటే తపాలా కార్యాలయం. ఇంకాస్త ముందుకెళ్తే తాలూకు కచేరి కనిపిస్తుంది. అక్కడ పహాణీ కాగితాల కోసం రైతులు వరసలో నిలబడి ఉంటారు.

ఇదే మాట చెన్నైలో ఇంకో రకంగా తికమక పెడుతుంది. మైలాపూరులో కచేరీ రోడ్డు అని ఒకటి ఉంది. మార్గశిరంలో నగరమంతా పాటలతో మోగుతుంటే అందులో సగం సందడి మైలాపూరుదే కాబట్టి, సంగీతం వల్లే ఆ వీధికి ఆ పేరొచ్చిందని కొత్తవాళ్లు అనుకోవడం సహజం. కానీ ఆ వీధి పేరులో ఉన్నది పాత సర్కారు కచేరి. పాట కచేరీకి దానితో సంబంధం లేదు.

ఒకే మాట ఒకచోట ఆఫీసు, ఒకచోట కోర్టు, ఒకచోట సంగీత సభ. ఇవి మూడు వేర్వేరు మాటలు కావు, ఒకేలా వినిపించే చుట్టాలూ కావు. ఒక్కటే మాట, ఊళ్లు తిరుగుతూ ఇన్ని పనుల్లో కుదురుకుంది.

పుట్టిల్లు ఉత్తరాదిలో ఉంది. హిందీ, ఉర్దూ, పంజాబీల్లో దీని రూపం 'కచహరీ'. మొగలాయి ఏలుబడితో పాటు ఊరూరా పాకింది కాబట్టి దీన్ని ఫారసీ మాట అనుకునేవారు చాలామంది. నిజానికి ఫారసీ నుంచి వచ్చిన కార్యాలయ పదాలు వేరే ఉన్నాయి: దఫ్తరు, దర్బారు, దివాణం. కచహరీ ఈ నేలమీద పుట్టిన మాటే. పని అనే అర్థమున్న 'కృత్య', ఇల్లు అనే అర్థమున్న 'గృహ' కలిసి ప్రాకృతం మీదుగా అరిగి అరిగి ఇలా అయిందన్న వాదన నిఘంటుకారుల్లో ఉంది. అంటే 'పని జరిగే ఇల్లు'. మనం ఇప్పుడు రాసే 'కార్యాలయం' కూడా అక్షరాలా అదే అర్థమిస్తుంది. పాత మాటను పక్కనపెట్టి, దాని అర్థాన్నే సంస్కృతంలో మళ్లీ కట్టుకున్నామన్నమాట.

ఈ మాట ఏ దారిన వెళ్లిందో చెప్పే గుర్తు ఒకటుంది. అది నడుమనున్న 'హ'. హిందీ, ఉర్దూల్లో హకారం నిలిచింది. మరాఠీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, కన్నడాల్లో అది కరిగిపోయి, ముందున్న అచ్చు సాగి 'చే' అయింది. బెంగాలీలో హకారం ఎటూ పోలేదు, పక్కనున్న 'చ'ను పట్టుకుని దాన్ని 'ఛ' చేసేసింది. అందుకే అక్కడ 'కాఛారి' అంటారు. నడిమి హకారం నిలవకపోవడం తెలుగు నాలుకకు కొత్తేమీ కాదు. 'పహరా' మన దగ్గరికొచ్చి 'పారా' అయింది, పారా హుషార్ అన్నది అలా వచ్చిందే. మన కచేరి మరాఠీ, గుజరాతీ వరసలో నిలబడుతోంది కాబట్టి, దక్కను మీదుగా, మరాఠీ గుమాస్తాల నోటిమీదుగా దక్షిణానికి దిగిందనుకోవడం సబబు.

ఇక్కడే ఒక పొరపాటు గురించి చెప్పాలి. పుదుచ్చేరిలో ఉన్న చేరి, మనం 'ఒకచోట చేరి' అనే చేరి, కచేరీలో ఉన్న చేరి ఒకటేనని అనిపిస్తుంది. జనం చేరే చోటు కాబట్టి కచేరి అన్న ఊహ వినడానికి ఎంత బాగున్నా, అది చెవి చేసిన మోసం. పుదుచ్చేరిలోని చేరి ద్రావిడ పదం, ఊరు అని అర్థం. కచేరీలోని చివరి ముక్క కచహరీలోని చహరీకి అరుగుదల రూపం. కాకపోతే ఆ చెవిమోసమే ఈ మాటను మన భాషలో పరాయిగా వినిపించకుండా చేసి ఉండొచ్చు.

దక్షిణాదిన ఈ మాటకు పెద్ద పీట వేసినవాడు టిప్పు సుల్తాన్. 1782 నుంచి 1799 వరకు సాగిన అతని పాలనలో ప్రభుత్వ శాఖలనే కచేరీలు అన్నారు. పన్నుల వసూలుకు మీర్ ఆసఫ్ కచేరి, వర్తకానికి ఇంకో కచేరి, ఖజానాకు ఇంకొకటి. అక్కడితో ఆగలేదు. అతని సైన్యంలో పెద్ద దళాన్ని కూడా కచేరీ అనేవారు. ఒక కచేరి కింద కొన్ని కుషూన్‌లు, అంటే పటాలాలు, ఉండేవి. తుపాకులు పట్టుకున్న కచేరి! ఈ మాట ఎత్తిన అవతారాలన్నిటిలోకీ అరుదైనది ఇదే. టిప్పు పోయాక సైన్యపు అర్థం అతనితోనే పోయింది, శాఖ అన్న అర్థం మాత్రం మైసూరు సంస్థానంలో నిలిచింది. బెంగళూరు కబ్బన్ పార్కు అంచున ఎర్రగా మెరిసే ఇప్పటి కర్ణాటక హైకోర్టు భవనం పేరు అఠారా కచేరి, అంటే పద్దెనిమిది కచేరీలు. సంస్థానపు పద్దెనిమిది శాఖలు మొదట టిప్పు వేసవి మహల్లోనే ఉండేవి. చాలక 1868లో ఈ భవనంలోకి మారాయి. ఆ మరుసటేడే తిరువనంతపురంలో తిరువాన్కూరు సంస్థానానికి కొత్త సచివాలయం సిద్ధమైంది. దాన్ని హుజూర్ కచ్చేరి అన్నారు. దివాన్ మాధవరావు హయాంలో కట్టింది, ఇప్పటి కేరళ సచివాలయం అదే.

తెలుగు పల్లెల్లోకి ఈ మాట ఎలా దిగింది? పేరు వినడం వేరు, పేరు చెబితే గుండె దడదడలాడటం వేరు. జమీందారీ ప్రాంతంలో రైతుకు, సర్కారుకు మధ్య జమీందారు ఉన్నాడు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన దత్తమండలాలకు, అంటే ఇప్పటి రాయలసీమ ప్రాంతానికి, థామస్ మన్రో ప్రధాన కలెక్టరై వచ్చి, 1807 వరకు ఉండి, అక్కడ రైతువారీ పద్ధతిని పాదుకొల్పాడు. ఆ పద్ధతిలో మధ్యవర్తి లేడు. ప్రతి రైతూ తన పేరున తన శిస్తు సర్కారుకే కట్టాలి. ఏటా జమాబందీ, అంటే శిస్తు ఖరారు, ఏటా లెక్కల తనిఖీ. కరణం దస్త్రాల మూట చంకన పెట్టుకుని, రైతులను వెంటేసుకుని కచేరీకి వెళ్లాల్సిందే. కలెక్టరు ఊరూరా మకాం చేస్తే డేరా ఎక్కడ వేస్తే అక్కడే కచేరి. రాయలసీమ సేద్యగాడి నోట ఈ మాట నాటుకుపోవడానికి నిఘంటువులు కారణం కాదు, శిస్తు కారణం. 'కోర్టులూ కచేరీలూ' అని జంటగా అనడంలో ఇప్పటికీ ఆ బరువు వినిపిస్తుంది. హిందీవాళ్లూ అచ్చం అలాగే 'కోర్టు-కచహరీ' అంటారు, అదే విసుగుతో.

మద్రాసు నుంచి ఈ మాట సముద్రం కూడా దాటింది. 1796లో డచ్చివారి దగ్గర్నుంచి సింహళ తీరాన్ని లాక్కున్న ఈస్టిండియా కంపెనీ, మొదట్లో దాన్ని మద్రాసు నుంచే ఏలింది. మద్రాసు పద్ధతి పన్నులనీ, పన్ను వసూలు చేసే మద్రాసు అమీల్దార్లనీ అక్కడికి తీసుకెళ్లింది. జనం తట్టుకోలేక 1797లో తిరగబడ్డారు కూడా. కచేరి అన్న మాట ఆ కాలపు సామానుతోనే ఓడ ఎక్కి ఉండాలి. అమీల్దార్లు వెనక్కి వచ్చేశారు, మాట మాత్రం అక్కడే ఉండిపోయింది. శ్రీలంకలో జిల్లా ప్రధాన కార్యాలయాన్ని తమిళులు ఇవాళ్టికీ కచ్చేరి అంటారు, సింహళంలో కచ్చేరియ. ఇంగ్లిష్ రచయిత్రి వర్జీనియా వూల్ఫ్ భర్త లెనార్డ్ వూల్ఫ్ కుర్ర ఉద్యోగిగా 1905లో చేరింది యాళ్పాణం, అంటే జాఫ్నా, కచ్చేరీలోనే.

ఇంతవరకు అంతా కాగితాలు, పన్నులు, అధికారం. మరి ఇందులోకి పాట ఎక్కడినుంచి వచ్చింది?

జవాబు ఒక చిన్న క్రియలో ఉంది. కచేరి చేయడం. ఆఫీసుకు వెళ్లడం, కోర్టులో పనిచేయడం వంటిది కాదిది. తాసిల్దారు కచేరి చేశాడంటే కొలువు తీరి కూర్చుని, వచ్చినవాళ్ల మొర విని, తీర్పు చెప్పాడని. కచేరి మొదట భవనం కాదు, ఒక కూర్పు. పాతకాలపు కచేరీని ఒకసారి కళ్లముందు పెట్టుకుంటే విషయం తేలికవుతుంది. బల్లలు, కుర్చీలు రాకముందు నేలమీద జంపఖానా పరిచేవారు. మధ్యలో కాస్త ఎత్తున, బాలీసుకు ఆనుకుని అధికారి. ఆయనకు ఒక పక్క సిరస్తాదారు, అంటే పెద్ద గుమాస్తా, ఇంకో పక్క మున్షీ, ముందు పొట్టి రాతబల్లలు పెట్టుకుని బాసింపట్టు వేసుకున్న గుమాస్తాలు. ఎదురుగా జనం. పెద్దాయన నోరు విప్పితే అందరూ వినాలి. ఇప్పుడు ఆ మధ్యనున్న మనిషి చేతిలోంచి కాగితం తీసేసి తంబురా పక్కన కూర్చోబెడితే, సిరస్తాదారు చోట వయొలిన్‌ని, మున్షీ చోట మృదంగాన్ని పెడితే సరిపోతుంది. జంపఖానా కూడా మార్చక్కర్లేదు. విద్వాంసుడు కచేరి చేశాడు అన్న వాక్యం తాసిల్దారు కచేరి చేశాడు అన్న వాక్యం లోంచి ఒక్క అక్షరం తేడా లేకుండా వచ్చేసింది.

ఈ మలుపు ఎక్కడ తిరిగి ఉంటుందంటే చూపు తంజావూరు మీదికి వెళ్తుంది. 1855 వరకు సుమారు నూట ఎనభై ఏళ్లు అక్కడ ఏలినవారు మరాఠాలు. దస్తావేజులు మరాఠీలో, ఊరి మాట తమిళంలో, పాట తెలుగులో. కచేరి అన్న మాటను వెంట తెచ్చుకున్న దొరలు, సంగీతాన్ని ప్రాణంగా చూసుకున్న ఆస్థానం ఒకే చోట ఉన్నాయి. రాజు కొలువు తీరితే విద్వాంసుడూ అక్కడే, వకీలూ అక్కడే. తంజావూరి చుట్టుపక్కలే జీవించిన త్యాగయ్య (1767–1847) రాజుగారి కొలువును, కానుకలను వద్దన్నాడని సంప్రదాయం చెబుతుంది. కచేరీని కాదన్న మనిషి కీర్తనలు లేకుండా ఇవాళ ఏ కచేరీ నిండదు. ఈ మాట చరిత్ర తవ్వుతున్నప్పుడు గుండెను తాకే చోటు ఇది.

తంజావూరు సంస్థానం పోయాక కళాకారులు పట్టణాల దారి పట్టారు. రాజు చోట సభలు వచ్చాయి, కానుక చోట టిక్కెట్టు వచ్చింది. 1927లో మద్రాసులో కాంగ్రెస్ మహాసభతో పాటు సంగీత సమావేశం జరిగింది, దాని ఫలంగా 1928లో మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. అదే కాలంలో గాయకుడు అరియక్కుడి రామానుజయ్యంగారు (1890–1967) కచేరీకి ఒక పద్ధతి దిద్దారు. ముందు వర్ణం, తర్వాత చకచకా కొన్ని కృతులు, నడుమ ఒక పెద్ద రాగం, మృదంగం ఒంటిగా మోగే తని ఆవర్తనం, రాగం తానం పల్లవి, ఆపైన తుక్కడాలు, చివర మంగళం. వినేవాడికి విసుగు రాకుండా, రాగాల మధ్య పోలిక రాకుండా నడిపించే ఈ వరసనే కచేరీ పద్ధతి అంటున్నాం. తుక్కడా కూడా 'టుక్డా' నుంచి వచ్చిందే, ముక్క అని అర్థం. తెలుగునాట ద్వారం వెంకటస్వామినాయుడు పక్కవాద్యమైన వయొలిన్‌ని నడుమకు తెచ్చి ఒంటిగా కచేరి చేసి చూపించారు. గుమాస్తా చోటు నుంచి అధికారి చోటుకు రావడం లాంటిదది.

ఇలా కొలువు మాటలు కళలోకి దొర్లడం కచేరీ ఒక్కదానికే జరగలేదు. దర్బారు ఏకంగా రాగం పేరైంది. 'సభ' ఒకప్పుడు రాజసభ, న్యాయసభ. తమిళులు సభా అంటే ఇవాళ పాటలు పెట్టే సంఘమే గుర్తొస్తుంది, హైదరాబాదు చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ పేరులోనూ అదే సభ. మేజువాణి కథ ఇంకా బాగుంటుంది. ఫారసీలో మేజ్‌బానీ అంటే అతిథి మర్యాద. బంగ్లాదేశ్‌లో చట్టగ్రామంవాళ్లకు 'మేజ్‌బాన్' అంటే ఊరందరికీ పెట్టే మాంసం విందు. మనకు మేజువాణి అంటే పెళ్లిళ్లలో, పెద్దింటి సంబరాల్లో కలావంతులు చేసిన ఆటపాట. అక్కడ అతిథికి అన్నం పెట్టిన మాట ఇక్కడ అతిథికి ఆట చూపించింది.

అచ్చ తెలుగులో చూడాలంటే కొలువు ఉంది. కొలవడం అంటే సేవించడం. అందులోంచి రాజు కొలువు వచ్చింది, దేవుడు కొలువై ఉండటం వచ్చింది, సంక్రాంతి బొమ్మల కొలువు వచ్చింది, ఉద్యోగం అన్న అర్థమూ వచ్చింది. తెలంగాణలో 'కొలువు దొరికింది' అంటే జీతం వచ్చే పని దొరికిందనే. ఆఫీసూ ఆనందమూ ఒకే మాటలో ఇమిడిపోవడం మనకు ముందే అలవాటు కాబట్టి కచేరీ రెండు పడవల మీద కాలు పెట్టినా తెలుగువారికి వింత అనిపించలేదు.

దీనికి అద్దం పట్టినట్టు ఉపఖండం ఇంకో కొసన, సింధులో, అచ్చంగా ఇదే జరిగింది. సింధీలో కచహరీ చేయడమంటే తీరుబడిగా కూర్చుని మాట్లాడుకోవడం. పల్లె ఇళ్లలో మగవాళ్ల బైఠక్ గదిని ఓతాక్ అంటారు. సాయంత్రం అక్కడ నలుగురు చేరి కబుర్లు, కవిత్వం, పాట కలబోసుకుంటే అది కచహరీ. చలికాలంలో మంట వేసుకుని చుట్టూ కూర్చుంటే మచ్ కచహరీ. తంజావూరుకూ సింధుకూ మధ్య ఎన్ని వందల క్రోసులో! ఒకరిని చూసి ఒకరు నేర్చుకునే వీలు లేదు. అయినా రెండు చోట్లా అధికారి లేచి వెళ్లిపోయాడు, కూర్చున్న జనం మిగిలారు. బెంగాలులోనూ కొంత ఇలాగే అయింది. అక్కడ కాఛారి జమీందారు లెక్కల ఇల్లు. రవీంద్రనాథ్ టాగూరు కుటుంబ ఎస్టేటు చూసుకున్న షాజాద్‌పూర్ కాఛారి భవనం ఇప్పుడు బంగ్లాదేశ్‌లో మ్యూజియంగా ఉంది. అయితే పల్లెల్లో కలిగిన ఇళ్లకు వెలుపల విడిగా ఉండే గదిని కూడా కాఛారి ఘర్ అంటారు. వచ్చిపోయే చుట్టాలు, పిల్లలకు చదువు చెప్పే పంతుళ్లు అందులో ఉండేవారు. లెక్కలు పోయాయి, నలుగురూ కూర్చునే చోటు మిగిలింది.

కాబట్టి కచేరీకి అసలు అర్థం ఆఫీసు, కొసరు అర్థం పాట అనడం సరికాదు. మూలంలో ఉన్నది 'పని ఇల్లే' అయినా, జనం వాడుకలో ఆ మాట నిలబడింది ఎదురెదురుగా కూర్చుని వినడం మీద. ఒకచోట ఫిర్యాదు విన్నారు, ఒకచోట కల్యాణి రాగం విన్నారు. తెలంగాణ పల్లెల్లో ఊరి పెద్దలు కూడే చావడిని కచీరు అనడంలో ఈ రెండూ కలిసే ఉన్నాయి: పంచాయితీ అక్కడే, పొద్దుపోయాక ముచ్చట్లూ అక్కడే. పాకిస్తాన్‌లో అధికారులు జనం మధ్య కూర్చుని అర్జీలు తీసుకోవడాన్ని 'ఖులీ కచహరీ' అంటారు. మన కలెక్టరేట్లలో సోమవారాలు జరిగే అర్జీల కార్యక్రమానికి ఎన్నిసార్లో పేర్లు మార్చాం గానీ, పాత కచేరి అన్న పేరు ఎవరికీ తట్టినట్టు లేదు.

అసలు తెలుగులో ఆ అర్థం ఎలా జారిపోయిందన్నది ఆలోచించాల్సిన సంగతి. కన్నడం జిల్లాధికారి కచేరి, అంచె కచేరి అని బోర్డుల మీద రాసుకుని మాటను బతికించుకుంది. గుజరాతీలు ఇవాళ్టికీ కలెక్టర్ కచేరీ అనే అంటారు. తెలుగు, తమిళనాడు తమిళం ఆ గది ఖాళీ చేశాయి. అక్కడివాళ్లు అలువలగం అని కట్టుకున్నారు, మనం కార్యాలయం అని రాసి ఆఫీసు అని పిలుస్తున్నాం. పైగా ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తాలూకా కచేరీకి మూట మోసుకెళ్లే మనిషీ లేడు, వెళ్లడానికి తాలూకా కచేరీ లేదు. మాట పట్టుకుని వేలాడటానికి కొక్కెం లేకుండా పోయింది. ఇప్పుడు ఇరవై ఏళ్ల పిల్లలకు కచేరి అంటే తంబురా, శాలువా మాత్రమే. పాత దస్తావేజులో 'సదరు రైతు కచేరీకి హాజరై' అని చదివితే పాట వినడానికి వెళ్లాడనుకునే ప్రమాదం ఉంది. బరువైన అర్థం పోయి తీయని అర్థం మిగలడం బాగానే ఉంటుంది గానీ, ఆ పాత అర్థం తెలియకపోతే తాతల కాలపు భూమి కాగితం ఒక్కటీ సరిగ్గా అర్థం కాదు.

రెండు అర్థాలూ ఒకే నోట ఇంకా పలికే చోటుకు వెళ్లాలంటే యాళ్పాణం వెళ్లాలి. లెనార్డ్ వూల్ఫ్ పనిచేసిన కాలపు పాత కచ్చేరి భవనం యుద్ధంలో దెబ్బతిని, పైకప్పు లేని గోడలతో ఓల్డ్ పార్కులో నిలబడి ఉంది. జిల్లా కార్యాలయాన్ని జనం ఇప్పటికీ కచ్చేరి అంటారు. అక్కడివాళ్లు పింఛను కాగితం కోసం వెళ్లేదీ కచ్చేరీకే, సాయంత్రం పాట వినడానికి వెళ్లేదీ కచ్చేరీకే. నల్లూరు కందస్వామి కోవెల వైపు వెళ్లే వీధుల్లో ఒకదాని పేరు కచ్చేరి–నల్లూరు రోడ్డు. ఇరవై అయిదు రోజుల ఉత్సవం వచ్చిందంటే నల్లూరు కొస నాదస్వరంతో, డోలుతో హోరెత్తిపోతుంది.